ఆటో మైకులో ఎవరి పాట?

ప్రకటనల్లో వినిపించే పాటలు, ట్యూన్ల గురించి పోయిన సంచికలో మీ ప్రశ్నలు అడిగాం. ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. హన్మకొండలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడుపుతూ, చీరల కొట్ల నుంచి విత్తనాల కంపెనీల దాకా ప్రకటనలకు బాణీలు కట్టే ‘మైకు సార్’ వాటిలో కొన్నింటికి జవాబులు ఇచ్చారు.

పరకాలలో మాది చీరల కొట్టు. బతుకమ్మ, దసరా సీజన్‌లో ఆటోకు మైకు కట్టి ఊర్లు తిప్పుతాం. ఈసారి బాగా నడుస్తున్న ఒక సినిమా పాట ట్యూన్‌కు మా షాపు పేరు పెట్టి పాడిద్దామని ఉంది. పదిహేను సెకన్ల లోపు వాడుకుంటే కేసు కాదని మైకు తమ్ముడు అంటున్నాడు. నిజమేనా సార్?
– వస్త్ర వ్యాపారి, పరకాల

నిజం కాదు. పదిహేను సెకన్లు, ముప్పై సెకన్లు అనే లెక్కలన్నీ మైకు షాపుల్లో పుట్టి మైకు షాపుల్లోనే పెరిగాయి. 1957 కాపీరైట్ చట్టంలో ఇన్ని సెకన్లు ఊరికే వాడుకోవచ్చు అన్న మాట ఎక్కడా లేదు. సొంతానికి వాడుకోవడానికి, సమీక్ష రాయడానికి, వార్త చెప్పడానికి కొంత వెసులుబాటు ఇచ్చారు. చీరలు అమ్ముకోవడానికి ఇవ్వలేదు.

ఒక సినిమా పాటలో ట్యూన్‌ది ఒక హక్కు, సాహిత్యానిది ఒక హక్కు, రికార్డింగ్‌ది ఇంకో హక్కు. మీరు మాటలు మార్చి వేరే గొంతుతో పాడిస్తే రికార్డింగ్ జోలికి పోనట్టే గాని, ట్యూన్ మాత్రం వాళ్లదే. తెలిసి చేసినట్టు తేలితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా చట్టంలో రాసి ఉంది. ‘పరకాలకు ఎవరొస్తరు సార్’ అంటారు. ఆటో దాకా ఎవరూ రాకపోవచ్చు. అదే పాటతో మీ అబ్బాయి రీల్ చేసి పెడితే మాత్రం మనిషి రానక్కర్లేదు, ఆడియో కంపెనీ కంప్యూటరే పట్టుకుంటుంది. పెళ్లి బరాత్‌లో డీజే పెడితే ఎవరూ ఏమనలేదు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. పెళ్లి ఊరేగింపుకు చట్టంలోనే మినహాయింపు ఉంది. దసరా డిస్కౌంట్‌కు లేదు.

చట్టం సంగతి వదిలేయండి, వ్యాపారం లెక్కనే మాట్లాడుకుందాం. హిట్టు పాట పెడితే జనం తల తిప్పి చూస్తారు, అది ఒప్పుకుంటాను. ఆటో వెళ్లాక రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లను అడగండి. ఏ సినిమా పాటో ఠక్కున చెబుతారు, హీరో ఎవరో చెబుతారు, పాటలో వేసిన స్టెప్పు కూడా చెబుతారు. షాపు పేరు అడిగితే ‘ఏదో బట్టల షాపు’ అంటారు. పైగా సీజన్‌లో హిట్టయిన పాట ఒకటే ఉంటుంది, దాని మీద కన్నేసిన షాపులు నాలుగుంటాయి. మీ డీజిల్‌తో పక్కవాడి షాపుకు ప్రచారం చేసి వస్తారు.

నన్నడిగితే బతుకమ్మ బాణీ తీసుకోండి. పాత బతుకమ్మ పాటల బాణీలు ఎవరి పేరు మీదా లేవు, తరతరాలుగా ఆడవాళ్ల నోళ్లలో నలిగి వచ్చినవి. చప్పట్ల నడక ఉంటుంది కాబట్టి వాయిద్యాల ఖర్చు తక్కువ. ‘ఉయ్యాలో’ ముందు మీ షాపు పేరు చక్కగా కూర్చుంటుంది. రెండు జాగ్రత్తలు. బాణీ ఉచితమే గాని యూట్యూబ్‌లో ఉన్న రికార్డింగ్ ఉచితం కాదు. ఈమధ్య ఎవరో రాసి విడుదల చేసిన కొత్త బతుకమ్మ పాటలు అసలే కాదు. రెండోది, గౌరమ్మ పేరు వచ్చే చరణంలో యాభై శాతం తగ్గింపు పెట్టకండి. దానికి చట్టం ఏమీ అనదు గాని అమ్మలక్కలు అంటారు. మీ ఊర్లో బాగా పాడే నలుగురిని పిలిచి, డబ్బులిచ్చి పాడించండి. కోరస్‌లో ఒకరి శ్రుతి కాస్త అటూ ఇటూ అయినా సరిచేయించకండి, అలాగే ఉండనివ్వండి.

ఇక ఆటో మైకు పాటకు దాని కొలతలు దానికి ఉన్నాయి. వినేవాళ్లు టీవీ ముందు కూర్చున్నవాళ్లు కాదు. ఆటో వాడ మలుపు తిరిగిన దగ్గర్నుంచి ఇల్లు దాటే దాకా వాళ్లకు దక్కేది ఇరవై సెకన్లు. అందులో మొదటి నాలుగైదు ‘ఏందది’ అని చెవి పెట్టడానికే పోతాయి. కాబట్టి పేరును చివరికి దాచుకుంటే లాభం లేదు. పది సెకన్లకోసారి పేరు, పేరు వెంటనే గుర్తు: ‘బస్టాండు ఎదురుంగ’, అంతే. ఫోన్ నంబర్ పాటలో పెట్టొద్దు. పది అంకెల కోసం ఆటో వెనక ఎవరూ పరుగెత్తరు.

ఆటో మీద ఉండే హారన్ మైకు కింది స్థాయి శబ్దాలను పలకదు. స్టూడియోలో గుండె అదిరేలా కొట్టిన బేస్ గిటార్, పెద్ద డ్రమ్ము ఆటో ఎక్కేసరికి మాయమైపోతాయి. గొంతు, సన్నాయి, చిడతలు, డప్పు మీద సన్నపుల్ల దెబ్బ మాత్రం నాలుగు వాడల దాకా పోతాయి. అందుకే మా స్టూడియో కిటికీ బయట ఒక పాత హారన్ కట్టి ఉంచాను. మిక్సింగ్ అయిపోయాక పాటను దాంట్లో పెట్టి, కిందికి దిగి టీ కొట్టు దగ్గర నిలబడి వింటాను. బస్సుల మోతలో కూడా షాపు పేరు అర్థమైతే పాట పాసైనట్టు. లోపల పెద్ద స్పీకర్లలో విని ‘అదిరింది సార్’ అనే ఓనర్ల మాట నేను పట్టించుకోను.

కాకతీయ యూనివర్సిటీలో ఎంబీఏ చదువుతున్నాను. మా నాన్నకు చిన్నప్పటి యాడ్స్ ట్యూన్లు ఇప్పటికీ నోటికి వచ్చు. నాకు నిన్న చూసిన యాడ్ కూడా గుర్తుండదు. అప్పటి సంగీతం అంత గొప్పదా సార్?
– విద్యార్థిని, హన్మకొండ

బాగానే ఉండేది బిడ్డా. కానీ సగం ఘనత మీ నాన్న చూసిన టీవీది. దూరదర్శన్ 1976 జనవరి 1 నుంచి ప్రకటనలు తీసుకోవడం మొదలుపెట్టింది. రేడియోలో వివిధ భారతి 1967లోనే తీసుకుంది. అంతకుముందు యాడ్స్ వినాలంటే శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్ పట్టుకోవాల్సిందే. ఆ రోజుల్లో వాడకంతటికీ ఒక టీవీ, ఆ టీవీకి ఒక చానెల్. ఆదివారం సినిమా మధ్యలో అదే సబ్బు, అదే వాషింగ్ పౌడరు. మార్చడానికి చేతిలో రిమోట్ కూడా లేదు. ఇష్టమున్నా లేకున్నా ట్యూన్ బట్టీ పట్టాల్సిందే.

రెండో కారణం కంపెనీల ఓపిక. నిర్మా పాట 1975లో రేడియోలో మొదలై 1982లో టీవీకి ఎక్కింది. తర్వాత బొమ్మలు మారాయి, మనుషులు మారారు, పాట మాత్రం దశాబ్దాల పాటు అదే నడిచింది. లిరిల్ సబ్బు జలపాతం యాడ్‌కు ట్యూన్ కట్టిన వన్‌రాజ్ భాటియా ఆర్ట్ సినిమాలకు సంగీతం ఇచ్చిన పెద్దమనిషి, జింగిల్స్, అంటే ప్రకటన పాటలు, వేలల్లో చేశాడు. ఆ స్థాయివాళ్లు చేసిన ట్యూన్‌ను ఏళ్ల తరబడి కదపకుండా ఉంచారు. ఇప్పుడైతే మార్కెటింగ్ మేనేజర్ మారినప్పుడల్లా ట్యూన్ మారుతోంది. జనం నోటికి ఎక్కేలోపే దాన్ని పీకేస్తున్నారు. నా దగ్గరికి వచ్చే షాపులవాళ్లు కూడా అంతే. ‘పోయినేడు పెట్టిందే మళ్లా ఎందుకు సార్, కొత్తది కొట్టుండి’ అంటారు. పోయినేటిది ఇప్పుడిప్పుడే చిన్నపిల్లల నోట్లో పడింది, ఉంచండి అని చెప్పి వచ్చే డబ్బులు పోగొట్టుకునే రకం నేను.

టైటాన్ గడియారాల ట్యూన్ నీకూ తెలిసే ఉంటుంది. టైటాన్‌వాళ్లు కట్టించుకున్నది అనుకుంటారు చాలామంది. అది పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ వాద్యబృందం కోసం రాసిన 25వ సింఫనీ. 1773లో, పదిహేడేళ్ల వయసులో రాశాడు. నోకియా రింగ్‌టోన్ ఇంకొకటి. స్పెయిన్‌కు చెందిన టారెగా అనే గిటార్ విద్వాంసుడు 1902లో రాసిన వాల్ట్జ్ అనే నాట్య సంగీతంలో ఒక చిన్న ముక్క అది. మన చట్టం ప్రకారం స్వరకర్త చనిపోయిన 60 ఏళ్ల తర్వాత ఆ బాణీ అందరిదీ అవుతుంది. మొజార్ట్ 1791లోనే పోయాడు. పరకాల సేటుకు బతుకమ్మ బాణీ చెప్పింది ఈ లెక్కనే.

నీ పరీక్షకు పనికొచ్చేది ఒకటి చెబుతాను. 1982లో గోర్న్ అనే ప్రొఫెసర్ కాలేజీ పిల్లలకు ఒక పెన్ను బొమ్మ చూపిస్తూ సంగీతం వినిపించాడు. కొందరికి నచ్చే పాట, కొందరికి నచ్చనిది. తర్వాత రెండు రంగుల పెన్నులు పెట్టి ఒకటి తీసుకొమ్మంటే, నచ్చిన పాటతో చూసిన రంగునే ఎక్కువమంది తీసుకున్నారు. ఇక్కడ మనం నవ్వాలో ఏడవాలో తెలియని విషయం ఒకటుంది. ‘నచ్చని సంగీతం’ కింద ఆయన వాడింది మన భారతీయ శాస్త్రీయ సంగీతాన్ని! అదే ప్రయోగం వరంగల్‌లో చేస్తే ఏ రంగు పెన్ను మిగిలేదో. 1989లో కెలారిస్, కాక్స్ అనే ఇద్దరు ఇలాంటి ప్రయోగాలే మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి మంచి పాట పెడితే చాలు సరుకు అదే పోతుందని క్లాసులో ఎవరైనా చెబితే ఈ రెండో సంగతి కూడా అడుగు.

మాది జనగామ దగ్గర ఊరు. మా నాన్న ఒగ్గు కళాకారుడు. ఒక నగల దుకాణంవాళ్లు పిలిపించి, డోలు వాయించి పాడించుకుని, రెండు వేలు చేతిలో పెట్టారు. ఏదో కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఇప్పుడది టీవీలో, సినిమా హాల్లో, ఫోన్లలో అన్నిట్లో వస్తోంది. నాన్న పేరు ఎక్కడా లేదు. ఏమన్నా చేయొచ్చా అన్నా?
– డిగ్రీ విద్యార్థి, జనగామ జిల్లా

చేయొచ్చు తమ్మీ. ముందు ఆ కాగితం జిరాక్స్ సంపాదించు. నాన్న దగ్గర లేకపోతే వాళ్లను అడుగు, నోటితో కాదు, రాసి అడుగు. సంగతంతా ఆ కాగితంలో ఏముందో దాని మీద ఉంది.

పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది అన్న దానితో పని లేకుండా, పాడినవాళ్లకు, వాయించినవాళ్లకు విడిగా ఒక హక్కు ఉంది. ప్రదర్శకుల హక్కు అంటారు. 50 ఏళ్లు ఉంటుంది. ఒగ్గు కథ తాతల నాటిదే కావచ్చు. ఆ రోజు ఆ మైకు ముందు మోగిన డోలు మాత్రం మీ నాన్నది. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు దీన్ని ఇంకా గట్టి చేశారు. రాసిచ్చిన ఒప్పందం ఉంటే ఆ యాడ్ ఆపమని అడగడం కష్టం గాని, వ్యాపారానికి వాడుకున్నందుకు రాయల్టీ అడగొచ్చు. పేరు అడిగే హక్కు కూడా ఉంది. ముప్పై సెకన్ల యాడ్‌లో పేరు వేసే చోటు లేదంటారు, వాడే తీరును బట్టి చట్టం కూడా అక్కడ కొంచెం సందు ఇచ్చింది. యూట్యూబ్‌లో వీడియో కింద రాయడానికి చోటుకేం కరువొచ్చింది?

ఇంకో ముఖ్యమైన సంగతి. హక్కులు రాయించుకున్న కాగితంలో ఎన్నేళ్లకో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లకే లెక్క కడుతుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అని ఇంగ్లీషులో చిన్న అక్షరాల్లో ఉంటే కథ వేరే. చాలా కాగితాల్లో అదే ఉంటుంది, చదివి వినిపించేవాళ్లు ఉండరు. వకీలు ఫీజు అని భయపడకు. జనగామ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు వకీలును ఉచితంగా పెడతారు. కాగితం పట్టుకుని అక్కడికి పో.

ఈ విషయంలో నాకు కోపం ఎక్కువ. మా రంగంలో సింథసైజర్ వాయించేవాడికి గంటల లెక్కన ఇస్తారు, పాడే అమ్మాయికి పాట లెక్కన ఇస్తారు. డోలు, డప్పు వాయించేవాళ్లకు మాత్రం ‘ఎంతిస్తే అంత తీసుకుంటరు’ అని లెక్క. పెళ్లికి వాయిస్తే పెళ్లితో అయిపోతుంది, ఆ కూలి వేరు. రికార్డింగ్ అయిపోదు, ఏళ్ల తరబడి మోగుతూనే ఉంటుంది. దానికీ పెళ్లి రేటే కట్టి పంపుతున్నారు.

నాన్నకు చెప్పు. ఇకముందు ఎవరు పిలిచినా మూడు అడగాలి: ఎక్కడెక్కడ వేస్తారు, ఎన్నేళ్లు వేస్తారు, ఇంకోసారి వేరే యాడ్‌కు వాడుకుంటే ఎంత ఇస్తారు. తెలుగులో రాయమనాలి. సంతకం పెట్టే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుని నీకు పంపాలి. ఇంకొకటి, స్టూడియోలో ఏసీ ఆపమని అడగమను. చల్లగాలికి తోలు వదులై డోలు గొంతు మారుతుంది. డప్పు కాకకు మేమైతే వరండాలో పొయ్యి పెడతాం. నగరం నుంచి వచ్చే కుర్ర ఇంజనీర్లకు ఈ ముక్క తెలియదు, ‘తర్వాత సాఫ్ట్‌వేర్‌లో సరిచేస్తాం’ అంటారు. సరికాదు. ఎంత చేసినా అది ప్లాస్టిక్ డబ్బా మీద కొట్టినట్టే వినబడుతుంది.

ఏఆర్ రహమాన్ సినిమాలకు ముందు యాడ్స్ చేశాడంటే మా దోస్తులు నమ్మడం లేదు. పందెం కాశాను సార్.
– జమ్మికుంట

పందెం డబ్బులు వసూలు చేసుకో. 1987లో ఆయన ట్యూన్ కట్టిన తొలి యాడ్స్ ఆల్విన్ ట్రెండీ వాచీలవి. ఆల్విన్ అంటే మన హైదరాబాద్ ఆల్విన్. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు, గడియారాలు చేసిన ఆ కంపెనీయే. తర్వాత ఐదేళ్ల దాకా సినిమా లేదు, యాడ్సే. 1992లో ‘రోజా’ వచ్చింది. సినిమాల్లో పేరు వచ్చాక కూడా యాడ్స్ మానలేదు. 2002లో ఎయిర్‌టెల్‌కు చేసిన ట్యూన్ ఎన్ని ఫోన్లలో మోగిందో నీకు నేను చెప్పనక్కర్లేదు.

కరీంనగర్‌లో సూపర్ మార్కెట్ నడుపుతున్నాను. లోపల పాటలు పెడితే గిరాకీ పెరుగుతుందా? ఎలాంటి పాటలు పెట్టాలి?
– వ్యాపారి, కరీంనగర్

మిల్లిమన్ అని ఒక అమెరికా పరిశోధకుడు సూపర్ మార్కెట్‌లోనే ఇది పరీక్షించి 1982లో రాశాడు. నిమిషానికి 72 తాళం దెబ్బలు, అంతకంటే నిదానంగా నడిచే సంగీతం పెట్టిన రోజుల్లో, 94 దాటిన వేగం సంగీతం పెట్టిన రోజుల కంటే అమ్మకాలు 38 శాతం ఎక్కువ వచ్చాయి. కారణం మామూలుదే. నిదానపు పాటకు నడక నిదానమవుతుంది, నడక నిదానమైతే పప్పు కోసం వచ్చిన మనిషికి పక్క అరలో బిస్కెట్లు కూడా కనబడతాయి. అది అమెరికా దుకాణం, మీది కరీంనగర్. అంతే శాతం వస్తుందని లెక్కలు వేసుకోకండి. పగలు గిరాకీ పలచగా ఉన్నప్పుడు నిదానం పాటలు, ఆదివారం సాయంత్రం బిల్లింగ్ కౌంటర్ దగ్గర లైను తలుపు దాకా వచ్చినప్పుడు హుషారు పాటలు పెట్టి చూడండి. లైనులో నిలబడ్డవాళ్లను ఇంకా ఆపి లాభం లేదు కదా.

ఇంగ్లండ్‌లో ఇంకో సరదా ప్రయోగం జరిగింది, 1997లో అచ్చయింది. సూపర్ మార్కెట్‌లో ఫ్రెంచి సంగీతం పెట్టిన రోజు ఫ్రాన్స్ వైన్, జర్మన్ సంగీతం పెట్టిన రోజు జర్మనీ వైన్ ఎక్కువ పోయాయి. కొన్నవాళ్లను అడిగితే ఎక్కువమంది పాట వల్ల కొనలేదనే అన్నారు. సద్దుల బతుకమ్మ ముందు నువ్వులు, బెల్లం, పల్లీలు పెట్టిన మూల బతుకమ్మ పాట పెట్టి చూడండి.

సినిమా పాటలు షాపులో పెట్టాలంటే లైసెన్సు ఉండాలి. పాటల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్, పీపీఎల్ అనే సంస్థలు ఇస్తాయి. ఫోన్ యాప్‌కు నెలనెలా కట్టే డబ్బు ఇంట్లో, కారులో వినడానికే, దుకాణానికి చెల్లదు. ఇంకో మనవి. పాటలు రోజంతా వినేది గిరాకీలు కాదు, మీ దగ్గర పనిచేసే పిల్లలు. అవే ఇరవై పాటలు తిప్పి తిప్పి వేయకండి.

అన్నా, ఇప్పుడు ఏఐ యాప్‌లో షాపు పేరు కొడితే నిమిషంలో పాట వస్తోంది. ఇక మీ స్టూడియో బందేనా?
– నర్సంపేట

బందయితే నీకే మొదట చెప్తా తమ్మీ. ఇద్దరు ముగ్గురు ఓనర్లు అలా చేయించుకుని నా దగ్గరికి తెచ్చారు, ‘జర సాఫ్ చేసియ్యి సార్’ అని. ట్యూన్ బాగానే ఉంటుంది. హోటల్ లిఫ్టులో వినబడే పాటలా ఎవరికీ అడ్డం రాకుండా పోతుంది. చిక్కంతా పేర్ల దగ్గర వస్తోంది. ‘నెక్కొండ’ను ‘నేకొండ’ అంటుంది, ‘ఎనుమాముల’ దగ్గర ఊపిరి ఎక్కడ తీయాలో దానికి తెలియదు. ప్రకటన పాటలో మనం డబ్బులిచ్చేదే ఆ రెండు మాటలు సరిగా పలకడానికి. రేపు అది కూడా నేర్చుకుంటుందేమో, నేర్చుకోనీ. ఒక్క పని మాత్రం చేయొద్దు. పేరున్న గాయకుల గొంతును అచ్చు దించి షాపు ప్రకటనకు వాడుతున్నారు. అడగకుండా ఒకరి గొంతుతో చీరలు అమ్మడం దొంగతనం కిందే లెక్క, కోర్టుకు పోతే ఇబ్బంది పడేది యాప్‌వాడు ఒక్కడే కాదు, నువ్వు కూడా.

మా ఇల్లు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి దగ్గర. పొద్దున్నుంచి ప్రచార ఆటోలు. ఇంట్లో మా అత్తమ్మ మంచం మీద ఉంది. టీవీ పెడితే సీరియల్ మెల్లగా, యాడ్స్ గట్టిగా. మీరే ఈ పాటలు చేస్తారు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నా. దీనికి అడ్డూ అదుపూ లేదా?
– గృహిణి, వరంగల్

అడగాల్సినవాడినే అడిగారమ్మా.

టీవీ సంగతి ముందు. మీ చెవుల్లో లోపం లేదు. సీరియల్‌లో గుసగుసలూ ఉంటాయి, అరుపులూ ఉంటాయి. యాడ్‌లో మేం చిన్న శబ్దాలను కూడా పైకి లేపి, మొత్తాన్ని ఒకే ఎత్తులో నొక్కి పెడతాం. మీటర్ మీద గరిష్ఠ స్థాయి రెండింటిదీ ఒకటే చూపిస్తుంది గాని చెవికి యాడ్ గట్టిగా కొడుతుంది. కావాలనే చేస్తాం. ప్రకటనల శబ్దం మితిమీరి ఉండకూడదని 1994 కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. అమెరికాలో దీనికోసం 2010లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. మీ టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో ‘ఆటో వాల్యూమ్’ అని ఉంటే ఆన్ చేయండి, కొంత తగ్గుతుంది.

ఆటోల విషయంలో మీ పక్షాన గట్టి నిబంధనలే ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి లేకుండా మైకు వాడకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట మైకు మోగకూడదు. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది, అక్కడ పగలు 50 డెసిబెల్స్ దాటకూడదు. మనుషులు మామూలుగా మాట్లాడుకుంటేనే ఇంచుమించు అరవై ఉంటుంది, ఇక హారన్ మైకు సంగతి మీరే ఆలోచించండి. నా దగ్గర పాట చేయించుకునే షాపులకు ఎంజీఎం సందులో, బడుల ముందు మైకు ఆపాలని ముందే చెబుతాను. డ్రైవర్లలో కొందరు వింటారు. కొందరు ఆసుపత్రి ముందే నిదానంగా పోనిస్తారు, జనం ఎక్కువ ఉంటారని.

ఆటో మోగుతుండగానే 100కు గాని 112కు గాని ఫోన్ చేయండి. రోజూ వచ్చే ఆటో అయితే పోలీస్ స్టేషన్‌లో రాసివ్వండి. కాగితంలో వచ్చిన టైము, ఆటో నంబరు, ప్రకటనలో వినిపించే షాపు పేరు రాయండి, ఫోన్‌లో తీసిన చిన్న వీడియో కూడా చూపించండి. ‘గోల ఎక్కువైంది’ అని మాత్రమే రాస్తే ఎవరూ కదలరు. షాపు పేరు రాస్తే ఓనర్‌కు ఫోన్ పోతుంది. తెల్లారి ఆటో వేరే తొవ్వ పడుతుంది.